నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో ఉచిత బీపీ పరీక్షలు

జనం తిరిగే చోట బల్ల వేసి రక్తపోటు చూసి, వచ్చిన అంకెకు అర్థం చెప్పి, అవసరమైనవారిని దవాఖానకు పంపే సేవను ఉచిత బీపీ శిబిరం అంటారు. నిజామాబాద్ పట్టణంలోనూ బోధన్ చుట్టుపక్కల మండలాల్లోనూ ఈ సేవ రెండు రూపాల్లో అందుతోంది. ఒకటి లయన్స్, రోటరీ, రెడ్‌క్రాస్ వంటి సంస్థలూ ప్రైవేటు ఆసుపత్రులూ ఒక్క పూట పెట్టే శిబిరం. రెండోది ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఊళ్లో తిరిగి, ఉపకేంద్రంలో కూర్చుని ఏడాది పొడవునా చేసే పరీక్ష. మొదటిది జబ్బును బయటపెట్టగలదు, దాన్ని అదుపులో ఉంచే శక్తి మాత్రం రెండోదానికే ఉంది. ఈ రెంటి మధ్య దారి వేయగలిగిన శిబిరమే నిజంగా పనికొచ్చే శిబిరం.

అధిక రక్తపోటు ఉన్నవారిలో చాలామందికి ఏళ్ల తరబడి ఏ బాధా ఉండదు. తల తిరిగితేనో, మాడు నొస్తేనో, కోపం ఎక్కువైతేనో బీపీ అనుకుంటారు గానీ ఈ గుర్తులను నమ్ముకుంటే మోసపోతారు. కోపమే ఎరుగని మనిషికీ పై అంకె 170 ఉండవచ్చు. చాలా ఇళ్లలో జబ్బు సంగతి మొదటిసారి తెలిసేది లక్వా కొట్టిన రోజునే. కొలిస్తే తప్ప తెలియని జబ్బు కాబట్టే కొలిచే బల్ల మనిషి దగ్గరికి రావాలి.

చెరకు నేల, దాని మనుషులు

మంజీర నది మీద 1923–31 మధ్య కట్టిన నిజాంసాగర్ నీళ్లు వచ్చాక బోధన్, వర్ని, కోటగిరి పొలాల్లో చెరకు విస్తరించింది. కృష్ణా, గోదావరి ప్రాంతాల నుంచి వచ్చిన రైతులు స్థిరపడిన ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. 1937లో బోధన్‌ను ఆనుకుని శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. 2002లో అందులో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబర్‌లో లే ఆఫ్ ప్రకటించారు. సారంగాపూర్‌లోని సహకార చక్కెర కర్మాగారం అంతకు ముందే మూతపడింది. చెరకు తోటలు చాలావరకు వరి మడులయ్యాయి.

ఆరోగ్యం గురించి చెబుతూ ఈ చరిత్ర చెప్పుకోవడానికి కారణం ఉంది. కర్మాగారాలతోపాటు వాటి నెల జీతాలూ పోయాయి. నెల జీతం ఉన్నవాడు సెలవు పెట్టి దవాఖానకు పోగలడు. దినకూలీ మీద బతికేవాడు వెళ్లాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి. ఒంట్లో ఏ బాధా లేకపోతే బీపీ చూపించుకోవడానికి ఎవరు కూలి పోగొట్టుకుంటారు? అందుకే ఇక్కడ శిబిరం ఎక్కడ పెట్టాలన్నది ఎంత ముఖ్యమో, ఏ వేళకు పెట్టాలన్నదీ అంతే ముఖ్యం.

నిజామాబాద్ మార్కెట్ యార్డుకు జనవరి నుంచి పసుపు రాశులు వస్తాయి. హమాలీలు బస్తాలు మోస్తూ తీరిక లేకుండా ఉంటారు. మిగిలిన చెరకు నరికే కాలం చలిలో మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతుంది, సరిహద్దు అవతలి మహారాష్ట్ర నుంచి కూలీలు గుంపులుగా దిగుతారు. ఊళ్లలో ఆడవాళ్లు పొద్దంతా చాట ముందర పెట్టుకుని తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి బీడీలు చేస్తారు. మగవాళ్లలో పెద్ద సంఖ్యలో దుబాయి, సౌదీ, ఖతర్ బాట పట్టినవారున్నారు. ఇంతమందికీ ఒకే వేళ, ఒకే చోటు కుదరదు.

లెక్కలు చెప్పేది

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019–21లో జరిగింది. 15 ఏళ్లు పైబడినవారిలో బీపీ ఎక్కువగా ఉన్నవారు, లేదా దానికి మందు వాడుతున్నవారు తెలంగాణ స్త్రీలలో సుమారు 26 శాతం, పురుషులలో సుమారు 31 శాతం అని అందులో తేలింది. దేశ సగటు స్త్రీలలో 21, పురుషులలో 24. అంటే ఈ రాష్ట్రం దేశం కన్నా ముందుంది, ముందుండకూడని చోట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సెప్టెంబర్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్యవారిలో దాదాపు 18.8 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. తమకు ఆ సంగతి తెలిసినవారు నూటికి 37 మంది. మందు వాడుతున్నవారు 30 మంది. బీపీ అదుపులో ఉన్నవారు 15 మందే. ఈ మూడు అంకెల్లో శిబిరం నేరుగా మార్చగలిగేది మొదటిదాన్ని. ప్రాణం నిలిపేది మాత్రం మూడోది. పై రక్తపోటు 10 పాయింట్లు తగ్గితే పక్షవాతం ముప్పు నాలుగో వంతుకు పైగా, మరణాలు 13 శాతం తగ్గుతాయని అనేక పరిశోధనలను కలిపి 2016లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణలో ఉంది.

అంతర్జాతీయ రక్తపోటు సంఘం 2017లో మే నెల పరీక్షల ఉద్యమం మొదలుపెట్టింది. ఆ ఒక్క ఏడాదే భారత్‌తో సహా 80 దేశాల్లో 12 లక్షల మందికి బీపీ చూశారు. వారిలో మూడో వంతుకు పైగా అధిక రక్తపోటు ఉన్నవారే. మందు వాడుతున్నవారిలోనూ దాదాపు సగం మందికి అదుపులో లేదు. ఈ రెండో సంగతి శిబిరం పెట్టేవారు గట్టిగా పట్టుకోవాలి. "నేను గోళీ వేసుకుంటున్న" అన్న మనిషిని పరీక్ష చేయకుండా పంపేయకూడదు.

బల్ల దగ్గర జరిగేది

పట్టీ కట్టి గాలి నింపి బీపీ చూసే పద్ధతి ఇటలీ వైద్యుడు రివా రోచీ 1896లో కనిపెట్టినది. స్టెతస్కోపుతో శబ్దం విని పై అంకె, కింది అంకె రెండూ చెప్పే తీరును రష్యా వైద్యుడు కొరోత్కోవ్ 1905లో చూపించాడు. ఇప్పుడు శిబిరాల్లో చాలావరకు బ్యాటరీ మిషన్లే. మీట నొక్కితే అంకె వస్తుంది కాబట్టి ఎవరైనా చూడవచ్చు అనిపిస్తుంది. తప్పులు దొర్లేది అక్కడే.

ఒక మామూలు సన్నివేశం తీసుకుందాం. మండల కేంద్రంలో పొద్దున పది గంటలు. వరుసలో ఇరవై మంది. బీడీలు కంపెనీలో ఇచ్చి గబగబా నడిచొచ్చిన ఒకామె కుర్చీ అంచున కూర్చుంటుంది. జాకెట్ చేయి బిగుతుగా ఉంది, దాని మీదనే పట్టీ చుట్టేస్తారు. చేయి గాలిలో వేలాడుతోంది. పక్కన నిలబడ్డ చెల్లెలితో ఆమె మాట ఆపలేదు. టిఫిన్ చేసి చాయ తాగి పావుగంట కాలేదు. మిషన్ 158/96 చూపిస్తుంది. "అమ్మా, నీకు బీపీ ఉంది" అని చీటీ రాసిస్తారు. ఆమె ముఖం పాలిపోతుంది, వెనక ఉన్న ఇద్దరు వరుస వదిలి వెళ్లిపోతారు.

ఆమెకు నిజంగా బీపీ ఉండవచ్చు, లేకపోనూ వచ్చు. ఆ రీడింగ్ మాత్రం ఏ సంగతీ తేల్చదు. కొలిచే ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అరగంట ముందు నుంచి చాయ, బీడీ, గుట్కా, బరువు పని ఉండకూడదు. మూత్రం ఆపుకుని కూర్చున్నా బీపీ పెరుగుతుంది. వీపుకు ఆసరా ఉండాలి, పాదాలు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వేయకూడదు. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ బట్ట మీద కాకుండా చర్మం మీద కట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది, సన్నటి చేతికి పెద్ద పట్టీ కడితే ఉన్న బీపీ దాగిపోతుంది. అందుకని రెండు మూడు సైజుల పట్టీలు సంచిలో ఉండి తీరాలి. పరీక్ష జరిగేటప్పుడు చూసేవారూ, చూపించుకునేవారూ ఇద్దరూ మాట్లాడకూడదు. మొదటి రీడింగ్ ఎక్కువొస్తే నిమిషం ఆగి మళ్లీ చూడాలి. ఆ తర్వాత మరో రోజు మరోసారి చూసి గానీ జబ్బు పేరు పెట్టకూడదు.

ఇవన్నీ పాటిస్తే గంటకు అరవై మందిని చూడటం కుదరదు. చూడక్కర్లేదు కూడా. వరుస కోసం నాలుగు కుర్చీలు నీడలో వేసి, కూర్చున్న సమయాన్నే విశ్రాంతిగా లెక్క పెట్టుకునే శిబిరంలో పది మందికి సరైన అంకె దొరుకుతుంది. వంద తప్పుడు అంకెల కన్నా అది ఎంతో మేలు. లేని జబ్బు అంటగట్టినా, ఉన్నదాన్ని లేదన్నా రెండూ ఆ మనిషికి నష్టమే.

మన దేశంలో 140/90 నుంచి పైన ఉంటే అధిక రక్తపోటు కింద లెక్క. అమెరికా గుండె వైద్య సంఘాలు 2017లో ఆ గీతను 130/80కి దించాయి గానీ ఇక్కడి ప్రభుత్వ కార్యక్రమం 140/90నే పాటిస్తోంది. 180/120 దాటి, దానితోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క చచ్చుబడటం, చూపు మసకబారడం ఉంటే చీటీ రాసి పంపడం తప్పు. అంబులెన్సు పిలిచి వెంటనే పెద్ద దవాఖానకు చేర్చాలి.

చీటీ పట్టుకుని ఎక్కడికి పోవాలి

దేశంలో బీపీ, షుగరు వంటి జబ్బుల జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది. తర్వాత 30 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరినీ ఊళ్లోనే పరీక్షించే పని దానికి తోడైంది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి వయసు, నడుము కొలత, పొగాకు, మద్యం, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బులున్నాయా అన్నవి ఒక ఫారంలో రాసుకుంటుంది. 2017 నవంబర్‌లో భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్రలతోపాటు తెలంగాణలోనూ మొదలైంది. ఈ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్య సమితి, ప్రపంచ ఆరోగ్య సంస్థల పురస్కారం వచ్చింది. అందులోని కిటుకు చాలా సాదాసీదాది. డాక్టరును బట్టి మందు మారకుండా రాష్ట్రమంతటికీ ఒకటే వరుసలో మందులు, అవి ఎప్పుడూ నిండుకోకుండా నిల్వలు, ప్రతి రోగికీ ఒక రికార్డు, నెల తర్వాత రానివారికి ఫోను. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ వంటి గోళీలు సర్కారు దవాఖానలో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి.

నిజామాబాద్‌లో సర్కారు వైద్యం ఇప్పుడు దగ్గరగానే ఉంది. 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2021లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రం వచ్చింది. బీపీ ఉన్నవారికి కావలసిన క్రియాటినిన్, షుగరు, కొవ్వు పరీక్షలు అక్కడ ఉచితం. పల్లె దవాఖానలు, బస్తీ దవాఖానలు ఉన్నాయి. అయినా శిబిరంలో చీటీ తీసుకున్న మనిషి చాలాసార్లు ఖలీల్‌వాడిలోని ప్రైవేటు ఆసుపత్రుల వీధికే వెళతాడు. రెండు నెలలు మందులు కొంటాడు, అంకె తగ్గగానే ఆపేస్తాడు. శిబిరం చీటీ మీద దగ్గరి ఉపకేంద్రం పేరు, అది తెరిచి ఉండే వేళ, ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోను నంబరు ఉంటే ఆ మనిషి దారి మారవచ్చు. శిబిరం పెట్టిన సంస్థ నెల తిరిగాక అదే చోట మళ్లీ బల్ల వేస్తే ఇంకా మంచిది.

కేవలం కొలిచి పంపితే ఏమవుతుందో తెలుగు నేల మీదనే తేలింది. 2000ల తొలి ఏళ్లలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్ కలిసి గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను పరిశీలించాయి. ప్రతి మూడు మరణాల్లో దాదాపు ఒకటి గుండె, రక్తనాళాల జబ్బులదే అని తేలింది. పల్లెల్లో ఇవి ఉండవన్న నమ్మకం అక్కడ కూలిపోయింది. తర్వాత పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి, ముప్పు ఎక్కువ ఉన్నవారిని గుర్తించి డాక్టరు దగ్గరికి పంపే ప్రయోగం జరిగింది. పరీక్షలు బాగానే జరిగాయి. కానీ 2019లో వచ్చిన ఫలితాల్లో బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆశా కార్యకర్తల శ్రమ తక్కువై కాదు. పంపిన చోట మందు చేతికి అందడం, అది నెల నెలా కొనసాగడం అన్న భాగం బలహీనంగా ఉంటే ముందున్న కష్టమంతా నీరుగారుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ లాస్ ఏంజెలస్ క్షౌరశాలలది. 52 దుకాణాల్లో 319 మంది నల్లజాతి పురుషులతో జరిగిన ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. ఒక వర్గానికి క్షౌరశాలకే ఫార్మసిస్టు వచ్చి బీపీ చూసి మందు రాసిచ్చాడు. మరో వర్గానికి మంగలి సలహా చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాడు. ఆరు నెలల్లో మొదటి వర్గంలో పై రక్తపోటు సగటున 27 పాయింట్లు తగ్గింది, రెండో వర్గంలో 9. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి మళ్లీ మళ్లీ చూసిన ప్రయోగంలో కూడా మిగతావారి కన్నా 5 పాయింట్లు ఎక్కువగా తగ్గినట్లు 2020లో తేలింది.

చాట, చెరకు, వీసా

బీడీలు చుట్టే మహిళ రోజంతా కదలకుండా కూర్చుంటుంది. నడుము నొప్పి, మెడనొప్పి ఆమెకు నిత్యం ఉండేవే. ఊళ్లో డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి గోళీ తీసుకుని మళ్లీ చాట ముందు కూర్చుంటుంది. చెరకు నరికేవాడికీ, హమాలీకీ అదే కథ. రోజూ వాడే నొప్పి గోళీల్లో చాలావరకు బీపీని పెంచుతాయి, మూత్రపిండాలనూ దెబ్బ తీస్తాయి. శిబిరంలో "బీపీ గోళీలు వాడుతున్నారా" అని అడిగినంత శ్రద్ధగా "నొప్పి గోళీలు వాడుతున్నారా" అని అడిగితే ఈ ప్రాంతంలో చాలా సంగతులు బయటపడతాయి. ఆర్‌ఎంపీని తిట్టి దూరం పెట్టడం కన్నా ఆయనకు సరిగ్గా కొలవడం, నొప్పి గోళీల ముప్పు, పంపాల్సిన చోటు చెప్పడం ఉపయోగం. ఊళ్లో మొదట చేయి చాపేది ఆయన ముందే.

బీడీ కంపెనీలో సరుకు ఇచ్చే పూట ఊళ్లోని మహిళలంతా ఒకచోట చేరతారు. ఈ ప్రాంతంలో శిబిరానికి అంతకన్నా మంచి చోటు లేదు. మార్కెట్ యార్డులో అయితే హమాలీలు బస్తాలు దించాక కాకుండా, పని మొదలయ్యే ముందు చూడాలి. బరువు మోసి వచ్చిన వెంటనే చూస్తే అంకె తప్పుతుంది.

ప్రపంచ రక్తపోటు దినం మే 17న వస్తుంది. నిజామాబాద్‌లో అది మండుటెండల కాలం. ఎండలో చెమటతో బీపీ సహజంగానే కొంత తగ్గుతుంది, చలికాలంలో పెరుగుతుంది. మేలో పై అంకె 136 వచ్చినవారు నిశ్చింతగా ఉండిపోకుండా డిసెంబర్‌లో మళ్లీ చూపించుకోవాలి. ఎండాకాలంలో అంకె తగ్గిందని సొంతంగా గోళీ మానేయడం మాత్రం ప్రమాదం. తల తిరుగుతుంటే డాక్టరు మోతాదు తగ్గిస్తారు.

గల్ఫ్ వెళ్లే యువకుడికి బీపీ మొదటిసారి చూసేది చాలాసార్లు వీసా మెడికల్‌లోనే. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టిన వేళ ఎక్కువ అంకె వస్తే జబ్బు కన్నా వీసా పోతుందన్న భయమే పెద్దది. అప్పటికప్పుడు గోళీ మింగి పరీక్ష గట్టెక్కి, విమానం ఎక్కాక మానేసేవారికి అక్కడి ఎండలో, ఒంటరి గదిలో ముప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే 30 ఏళ్లు నిండకముందే వెళ్లే ఈ కుర్రాళ్లను ఊళ్లో శిబిరాలు వయసు చూడకుండా పిలవాలి. ఆరు నెలల ముందే తెలిస్తే అదుపులో పెట్టుకుని వెళ్లవచ్చు.

ఉప్పు, కల్లు, అపోహలు

రోజుకు 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశంలో సగటు వాడకం అంతకన్నా చాలా ఎక్కువ. జొన్నరొట్టెలో ఉప్పు లేకున్నా పక్కన పెట్టుకునే తొక్కులో, కారంలో, అప్పడంలో ఉంటుంది. "ఉప్పు తగ్గించండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "తొక్కు రోజూ కాకుండా వారానికి రెండు రోజులు, అన్నంలో పై ఉప్పు వద్దు" అంటే ఇంట్లో వంట చేసే మనిషికి పని తెలుస్తుంది. చైనాలో 600 ఊళ్లలో మామూలు ఉప్పులో కొంత భాగం పొటాషియం ఉప్పు కలిపి ఇస్తే పక్షవాతం 14 శాతం తగ్గినట్లు 2021లో తేలింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా దాన్ని వాడరాదు. ఈ ప్రాంతంలో కల్లు తాగడం బాగా అలవాటు, తాగుడు ఏ రూపంలో ఉన్నా బీపీని పెంచేదే.

పసుపు పండే నేల కాబట్టి పాలలో పసుపు తాగితే బీపీ తగ్గుతుందన్న మాట ఇక్కడ తరచూ వినిపిస్తుంది. పసుపు వంటకు మంచిదే, గోళీకి బదులు కాదు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలి కాబట్టి అసలు మొదలే పెట్టవద్దన్న వాదన ఇంకా గట్టిది. జీవితాంతం అవసరమయ్యేది జబ్బు వల్ల, గోళీ వల్ల కాదు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. ఆ సంగతి ముందే చెప్పకపోతే "గోళీ పడలేదు" అని మానేస్తారు. చెబితే వచ్చి మార్పించుకుంటారు.

బోధన్‌లో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఇంటి భాషలే. కరపత్రం ఒక్క తెలుగులో వేస్తే ఊళ్లో చాలా గల్లీలకు అది చేరదు. చెరకు నరికి నాందేడ్ వైపు తిరిగి వెళ్లే కూలీకి, దమ్మాం వెళ్లే డ్రైవరుకు చీటీ మీద మందు కంపెనీ పేరు బదులు అసలు మందు పేరు, మోతాదు ఇంగ్లీషు అక్షరాల్లో స్పష్టంగా రాసివ్వాలి. అప్పుడే అక్కడి సర్కారు దవాఖానలోనో, మందుల దుకాణంలోనో అదే గోళీ అడిగి తీసుకోగలడు.